మనవాళ్ళు, తెలిసినవాళ్ళు

"అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" ఇంట్లో ఎవరికి ఉద్యోగం వచ్చినా పెద్దవాళ్ళు ముందు అడిగేది ఇదే. ఆ "మన"లో ఊరు, చుట్టరికం, కులం అన్నీ ఇమిడిపోతాయి. ఎవరూ విడమరిచి చెప్పరు, అందరికీ అర్థమవుతుంది.

మా పిన్ని కూతురు పోయిన వేసవిలో ముంబైలో ఒక లా ఫర్మ్‌లో ఇంటర్న్‌గా చేరింది. మా చుట్టాల్లో లాయర్లు లేరు, కాబట్టి జవాబు "లేరు." బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ళ లా కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. నాలుగు వారాల్లో రాసే రెండు మూడు మెమోలతో ఎవరి సత్తా ఎంతో తేలదు. అందుకే కాఫీ దగ్గర, లిఫ్ట్ దగ్గర జరిగే పిచ్చాపాటీకి అంత విలువ.

మూడో రోజు రాత్రి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నా పక్క సీటబ్బాయి పార్ట్‌నర్‌తో స్క్వాష్ గురించి మాట్లాడుతున్నాడు. వాళ్ళ నాన్న కూడా లాయరేనట. నేనేం మాట్లాడను?"

నాకు తెలిసిన సిద్ధాంతం చెప్పాను. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో బలహీనమైన పరిచయాల బలం మీద ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ శివార్లలో, తెలిసినవాళ్ళ ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్ళని "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. తరచుగా అన్నవాళ్ళు నూటికి 17 మందే. మిగతావాళ్ళకి ఆ మనిషి ఎప్పుడో ఒకసారి కనిపించేవాడే. కారణం తేలికే: మనకి దగ్గరివాళ్ళకి తెలిసేది చాలావరకు మనకి తెలిసిందే. కొత్త కబురు దూరపువాళ్ళ దగ్గర ఉంటుంది. అంటే "మనవాళ్ళ" కన్నా "తెలిసినవాళ్ళే" నయం.

అంతా విని, "ఆ కాస్త పరిచయం మొదలవ్వడానికే స్క్వాష్ రావాలి కదా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. వంతెన ఎందుకు పనికొస్తుందో ఆ వ్యాసం చెప్తుంది. దాని మీద కాలు పెట్టే ధైర్యం ఎవరికి ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పదు. "క్యాజువల్‌గా మాట్లాడు" అనే సలహా, ఆ గదిలో మొదటినుంచీ క్యాజువల్‌గా ఉండగలిగినవాళ్ళది.

దారి తనే వెతుక్కుంది. దివాలా చట్టం మీద రాసిన మెమో ఎర్రగీతలతో తిరిగొస్తే, సీనియర్ దగ్గరికెళ్ళి "ఈ పేరా ఎందుకు కొట్టేశారు?" అని అడిగింది. టీ తాగుతూ ఆవిడ పావుగంట చెప్పింది: కోర్టు ముందు కాలపరిమితి చూస్తుంది, నువ్వు దాన్ని ఆఖర్న పెట్టావు అని. మర్నాడు సరిదిద్ది చూపించింది. తర్వాత ఆ సీనియరే వచ్చి పలకరించడం మొదలుపెట్టింది. తన సొంత ఊరు, ఇంటిపేరు ఏవీ ఆ మాటల్లోకి రాలేదు.

ఫర్మ్ నుంచి ఉద్యోగం ఆఫరేమీ రాలేదు. పక్క సీటబ్బాయికి వచ్చింది. కానీ ఆ సీనియర్, హైదరాబాద్‌లో కంపెనీ లా ట్రిబ్యునల్‌లో వాదించే ఒక లాయర్ నంబరిచ్చింది. తర్వాతి ఇంటర్న్‌షిప్ అక్కడే.

ఈ మధ్య తన కాలేజీ జూనియర్ ఒకమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తోంది. "ఎవరమ్మా, మనవాళ్ళేనా?" అని పిన్ని అడిగితే, "కాదమ్మా, తెలిసినమ్మాయి" అంది.