నడుద్దాం రా వదినా

మన వీధుల్లో నలభై అయిదు దాటినవాళ్లను ఎవరినైనా "కొంచెం వ్యాయామం చెయ్యకూడదా?" అని అడిగి చూడండి. జవాబు ఒకటే వస్తుంది. "పొద్దంతా మిల్లులో చాకిరీ చేసి వస్తాండాము, ఇంకా ఏం వ్యాయామం?" ఆడవాళ్లయితే ఇంకొంచెం కలుపుతారు. "నీళ్లు పట్టి, వంట చేసి, కండెలు చుట్టి, బట్టలుతికి పడుకునేసరికి పదకొండు. ఇది చాలదా?"

ఇది సోమరివాళ్లు అనే మాట కాదు. కష్టపడేవాళ్లు అనే మాట. అందుకే దీనికి కోప్పడకుండా, నెమ్మదిగా జవాబు చెప్పాల.

ముందు మన పని ఎట్ల మారిందో చూడండి. మా అత్తగారి కాలంలో గుడియాత్తంలో లుంగీలు నేసేది గుంట మగ్గం మీదే. కాళ్లు పలకలు తొక్కుతూనే ఉండాల, చెయ్యి తాడు లాగుతూనే ఉండాల, అప్పుడే నాడె అటూ ఇటూ పరుగెత్తేది. వీధిలో పడుగు సాచి గంజి పెట్టే రోజున ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు నడిచేవాళ్లో లెక్క లేదు. బట్టలుతకను కౌండిన్య నదికి మూటతో పోయి, తడి మూటతో తిరిగి రావాల.

ఇప్పుడు మగ్గాన్ని కరెంటు నడుపుతుంది. మనిషి పక్కన నిలబడి దారం తెగిందా అని చూస్తాడు. ఎనిమిది గంటలో, పన్నెండు గంటలో అక్కడక్కడే. ఇంట్లో ఉండే ఆడవాళ్లు కండెలు చుట్టినా, బీడీలు చుట్టినా, అగ్గిపెట్టెలు అంటించినా, షూ కంపెనీలో కుట్టుమిషను తొక్కినా కూర్చున్న చోటే. సాయంకాలానికి నడుము పడిపోతుంది, మోకాళ్లు పట్టేస్తాయి, కండ్లు మండుతాయి. అలుపు నిజమే. కాని ఆ అలుపులో గుండె వేగంగా కొట్టుకున్నది లేదు, తొడల కండరాలు గట్టిగా పని చేసిందీ లేదు. అలుపు వేరు, వ్యాయామం వేరు.

దీన్ని మొదట బాగా గమనించింది లండన్ బస్సుల్లో. జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు 1953లో ఒక పరిశోధన ప్రకటించారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు షిఫ్టంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు, రోజుకు 500 నుంచి 750 మెట్లు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధి, ఒకే రకం కుటుంబాలు. అయినా గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినా ప్రాణం మీదికి తెచ్చింది తక్కువ. మనవాళ్లు ఒకప్పుడు కండక్టర్లు. మరమగ్గం వచ్చాక డ్రైవర్లయినారు.

"మూటలు మోసేవాళ్లం, మేం కూర్చోలేదే" అనేవాళ్లు కూడా ఉండారు. వాళ్ల కోసం ఇంకో సంగతి. డెన్మార్కులోని కోపెన్‌హేగన్‌లో లక్ష మందికి పైగా జనాన్ని గమనించి 2021లో ఒక పరిశోధన వెలువడింది. పని లేని వేళలో నడిచేవాళ్లకు, ఆడేవాళ్లకు గుండెజబ్బు తగ్గింది. పనిలోనే ఎక్కువ శ్రమపడేవాళ్లకు మాత్రం ఆ మేలు కనబడలేదు, ముప్పు ఇంకా పెరిగింది. ఎందుకని? బరువు ఎత్తడం, గంటల తరబడి నిలబడడం, మధ్యలో తగినంత విశ్రాంతి లేకపోవడం, వీటివల్ల రక్తపోటు పెరిగి చాలాసేపు అట్లనే ఉండిపోతుందని ఆ డాక్టర్లు అనుకుంటారు. నడకలో గుండె కాసేపు వేగం పుంజుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. దానికి ఆ రెండూ కావాల.

మనకు ఇది ఎక్కువ అవసరం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. మన దేశంవాళ్లకు సన్నగా కనబడినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. ఇంట్లో టైలర్ టేపు ఉంటుంది కదా, బొడ్డు దగ్గర చుట్టి చూసుకోండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాల్సిన సమయం వచ్చిందని అర్థం. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలు. అందులో పెద్దవి కాళ్లవి. కాలు కదిలితే చక్కెర కండరంలోకి పోతుంది, కదలకపోతే రక్తంలోనే తిరుగుతుంది. అందుకే తిన్న తర్వాత పది నిమిషాల నడకకు అంత విలువ.

మా చిన్న మరిదికి నలభై ఎనిమిదేండ్లు. షుగర్ ఉండి, కాలి బొటనవేలికి పుండు పడి రెండు నెలలు మగ్గం దగ్గరకు పోలేదు. మనది పని చేసిన రోజుకే కూలి. ఆ రెండు నెలల్లో ఆ ఇంట్లో ఏమైందో మన ఇండ్లన్నిటికీ తెలిసిన లెక్కే. చీటీ ఆగింది. కూతురి కాలేజీ ఫీజుకు కమ్మలు కుదువకు పోయినాయి. ఆ పిల్ల "నేను షూ కంపెనీకి పోతాను నాయనా" అన్న రోజు ఆయన ఏడ్చినాడు. వేలు నిలిచింది, పిల్ల చదువూ నిలిచింది. అందరికీ అట్ల జరగదు.

పుండు మానినాక డాక్టరు నడవమన్నారు. కొడుకు రోజూ "నడువు నాయనా, నడువు" అనేవాడు. ఆయన కదల్లేదు. మా వదినకూ బీపీ ఉంది, ఆమే కదల్లేదు. ఒక రాత్రి భోజనాలైనాక నేను వదిన ఇంటికి పోయి "నాకు ఒంటరిగా పోను బిడియంగా ఉండాది, అమ్మవారి గుడి దాకా తోడు రా వదినా" అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేసింది. పోనూ రానూ పన్నెండు నిమిషాలు. మరుసటి రోజు ఆమే నన్ను పిలిచింది.

వీధిలో నవ్వినారు. "పనీపాటా లేదా వీళ్లకు?" అన్నారు. రెండు వారాలు అన్నారు. మూడో వారం అన్నవాళ్లలోనే ఇద్దరు కలిసినారు. ఇప్పుడు ఏడుగురం. మరిదికి ఆయన స్నేహితుడు ఒక ఉపాయం చెప్పినాడు. ఇంటి ముందర టీ అంగడి వదిలిపెట్టి, నెల్లూరుపేట వైపు దూరంగా ఉండే అంగడికి పోయి టీ తాగాల, చక్కెర లేకుండా. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోతారు. అది వ్యాయామమని ఎవరూ ఆయనకు చెప్పలేదు. "పోయి నడువు" అంటే మనిషి నడవడు. "రా, పోదాం" అంటే వస్తాడు.

మనకు నడక కొత్త కాదు. పౌర్ణమికి తిరువణ్ణామలై పోయి 14 కిలోమీటర్లు గిరి చుట్టూ తిరుగుతాము. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరుతాము. గుంపు ఉంటుంది కాబట్టి కాళ్లు వస్తాయి. ఆ గుంపునే వీధిలోకి తెచ్చుకోవాల. వేలూరులో ఉండేవాళ్లకు కోట అగడ్త పక్కన పార్కు ఉంది, పొద్దున్నే అక్కడ ఎంతోమంది నడుస్తారు. ప్రతి జిల్లాలో 8 కిలోమీటర్ల నడకదారి ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2023 నవంబరులో పథకం పెట్టింది. అంత దూరం పోలేనివాళ్లకు మన వీధి చాలు.

ఎంత నడవాల? వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అర్ధగంట, వారానికి అయిదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు. వేగం ఎంతంటే, నడుస్తూ మాట్లాడగలగాల, పాట మాత్రం పాడలేకపోవాల. వారానికి రెండు రోజులు కండరాలకు కూడా పని పెట్టండి. కుర్చీలో కూర్చుని, చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవండి. గోడకు చేతులు పెట్టి పదిసార్లు తోయండి. దీనికి ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు. షుగర్ ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో నడవకూడదు, ఇంటికి వచ్చి పాదాలు చూసుకోవాల. షుగర్ మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో పోవద్దు, కొంగులోనో జేబులోనో చక్కెర ఉంచుకోండి. ముందే గుండెజబ్బు ఉంటే డాక్టరును అడిగి మొదలుపెట్టండి. నడిచేటప్పుడు ఎదలో బరువుగా పట్టేసినా, చెమటలు పోసి ఊపిరాడకపోయినా "గ్యాస్ అయ్యుంటుంది" అనుకోకండి. నిలబడిపోయి 108కి ఫోను చెయ్యండి.

2021 ఆగస్టు నుంచి "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో బీపీ, షుగర్ మందులు ఇంటి వాకిలికే వస్తాండాయి. మంచిది, మానకుండా వేసుకోండి. నడకను మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఈ రాత్రి భోజనం అయినాక మీ పక్కింటి తలుపు తట్టండి. సలహా చెప్పవద్దు. తోడు రమ్మని అడగండి.