గరివిడిలో ఒక చువ్వ కోసం

పిల్లలూ! విజయనగరంలో పలాస వైపు పోయే పాసింజరు ఎక్కితే, నెల్లిమర్ల దాటాక గరివిడి స్టేషను వస్తుంది. దాని తరవాతది చీపురుపల్లి. మొన్న సంక్రాంతి సెలవులలో నేను గరివిడిలో దిగి ఊరంతా తిరిగాను. గుడి చూడటానికి కాదు, కోట చూడటానికీ కాదు. నాకు కావలసింది ఒక గజం పొడుగున్న చువ్వ!

మా అమ్మాయి కాపురం ఆ ఊళ్ళోనే. దాని కొడుకు ఎనిమిదో తరగతి. వాడికి రాకెట్ల పిచ్చి పట్టుకున్నది. మందుగుండు రాకెట్టు కాదు లెండి. ఆ మందు ఇంట్లో కలపటం చట్టానికి విరుద్ధం, పైగా చేతివేళ్ళు ఎగిరిపోతాయి. వాడు చేసినది నీళ్ళ రాకెట్టు. కూల్‌డ్రింకు సీసాలో మూడోవంతు నీళ్ళు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, బిరడాలో గుచ్చిన సైకిలు వాల్వు గుండా గాలి కొడతారు. లోపల గాలి ఒత్తిడి పెరిగి పెరిగి బిరడాను తోసేస్తుంది. నీళ్ళు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది.

పైకి లేస్తుందన్నాను గాని, మొదటిసారి అది పైకి లేవలేదు. రెండు ఇటికల మధ్య నిలబెట్టి వదిలాము. గాలి కొంచెం వీచింది. సీసా పక్కకు ఒరిగి, పెరటిగోడ మీదుగా దూసుకుపోయి, పొరుగువారి నీళ్ళ కుండను పగలగొట్టింది. ఆ కుండ దగ్గర కొద్దిసేపటి క్రితమే వాళ్ళ పసిబిడ్డ కూర్చుని ఆడుకుంటున్నది. ఆ సంగతి తెలిసి నా కాళ్ళు చల్లబడ్డాయి. ముప్పయి ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, రాకెట్టుకు దారి చూపించాలన్న ఆలోచన నాకే రాకపోతే ఎట్లా?

అసలు సంగతి ఇది. రాకెట్టుకు రెక్కలు ఉంటాయి గదా? ఆ రెక్కలు దాన్ని తిన్నగా నడపాలంటే వాటి మీదుగా గాలి జోరుగా పోవాలి. బయలుదేరిన క్షణంలో రాకెట్టుకు వేగం ఉండదు. వేగం లేనిదే రెక్కలకు పట్టు దొరకదు. నడక నేర్చే బిడ్డను చెయ్యి పట్టుకుని నడిపించినట్టు, ఆ మొదటి గజం దూరం రాకెట్టును ఎవరైనా పట్టుకుని నడిపించాలి. ఆ పని చేసేదే చువ్వ. రాకెట్టు పక్కన రెండు చిన్న గొట్టాలు అతికించి, వాటిలోంచి చువ్వను దూరుస్తారు. రాకెట్టు చువ్వ వెంట జారుతూ లేచి, చివరకు వచ్చేసరికి కావలసిన వేగం అందుకుంటుంది.

చువ్వ ఎంత పొడుగుండాలి? ఇక్కడ ఒక చిన్న లెక్క ఉన్నది. ఒక రాకెట్టు వేగం సెకనుకు 100 మీటర్ల చొప్పున పెరుగుతున్నదనుకోండి. అర మీటరు చువ్వ దాటేసరికి దాని వేగం సెకనుకు 10 మీటర్లు. అది 20 కావాలంటే చువ్వ మీటరు ఉంటే చాలునా? చాలదు. రెండు మీటర్లు కావాలి. వేగం రెట్టింపు కావాలంటే పొడుగు నాలుగు రెట్లు పెరగాలన్నమాట. కాని చువ్వ మరీ పొడుగైతే చెరుకుగడలాగా ఊగుతుంది. ఊగే చువ్వ రాకెట్టును ఎటు విసురుతుందో చెప్పలేము. అందుకనే గజం, గజమున్నర దగ్గర ఆగటం మేలు.

అమెరికాలో పిల్లలకు ఈ వెతుకులాట లేదు. అక్కడ 1950ల్లో, నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఓర్విల్ కార్లైల్ అనే ఆయన చిన్న బొమ్మ రాకెట్లు తయారుచేశాడు. తరవాత అవి అట్టపెట్టెలలో దుకాణాలకు వచ్చాయి. వాటికి వాడే మామూలు చువ్వ అంగుళంలో ఎనిమిదోవంతు లావు, మూడడుగుల పొడుగు. మనకు పెట్టె లేదు గనక నేనూ మనవడూ సంచీ పట్టుకుని బజారున పడ్డాము.

ముందు ఇంట్లోనే చూశాము. వెదురుబద్ద తేలికైనదే గాని, ప్రతి కణుపు దగ్గరా గొట్టం తట్టుకుంటుంది. చిరిగిన గొడుగు ఊచ తీశాము. అది గుండ్రంగా లేదు, పొడుగునా కాలవలాగా గాడి ఉన్నది, పైగా వంకర. సైకిలు షాపుకు వెళ్ళి స్పోకు అడిగాను.

"ఏటి మాస్టారూ, సైకిలు లేకుండా స్పోకులెందుకేటి?" అని షాపతను నవ్వాడు.

స్పోకు నున్ననిది, తిన్ననిది. కాని దాని లావు రెండు మిల్లీమీటర్లు, పొడుగు ఒక అడుగుకు అటూ ఇటూ. కాగితం రాకెట్టుకైతే పనికివస్తుంది, నీళ్ళు నిండిన సీసాకు చాలదు.

ఇల్లు కడుతున్న చోట ఇనప కమ్మీలు కుప్పగా ఉన్నాయి. మనవడు పరుగెత్తి ఒకదాన్ని పట్టుకున్నాడు. "చెయ్యి పెట్టి రాసి చూడు," అన్నాను. కమ్మీ ఒంటినిండా గీతలు గీతలుగా మిట్టలున్నాయి. సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోవాలని అట్లా చేస్తారు. పట్టుకోవటానికి చేసినది జారటానికి పనికిరాదు.

వెల్డింగు షాపులో రెండు రకాలు చూశాము. మందు పూత పూసిన పుల్లలు పొట్టివి, పూత పెళుసు. రెండో రకం పూత లేనివి. కీలు దగ్గర కరిగించి పోయటానికి వాడే స్టెయిన్‌లెస్ పుల్లలు, మీటరు పొడుగు, నిగనిగలాడుతూ ఉన్నాయి. మనవడి ముఖం వెలిగింది. వాటిలో లావైనది 3.2 మిల్లీమీటర్లు. అంటే అమెరికా చువ్వ లావే! కాని ఒక కొస పట్టుకుని ఆడిస్తే రెండో కొస జానెడు ఊగింది. చిన్న రాకెట్టుకు ఇంతకన్న మంచిది లేదు. మన సీసా బరువుకు మాత్రం ఇంకా లావు కావాలి.

చివరకు కిటికీ గ్రిల్లులు చేసే షాపులో, గోడకు ఆనించిన తుక్కులో దొరికింది. ఆరు మిల్లీమీటర్ల నున్నటి గుండ్రని ఉక్కు చువ్వ, గజానికి బెత్తెడు ఎక్కువ. "అట్టుకెళ్లండి మాస్టారూ, ముక్కే గదా," అన్నాడు ఆ అబ్బాయి. డబ్బు తీసుకోలేదు. వంకర ఉన్నదో లేదో చూడటానికి దాన్ని వాళ్ళ చదునైన బల్ల మీద దొర్లించాము. తిన్నని చువ్వ నిశ్శబ్దంగా దొర్లుతుంది, వంకరది టకటకమని కొట్టుకుంటుంది. మాది నిశ్శబ్దంగా దొర్లింది.

ఇంటికి వస్తూ మనవడు అడిగాడు: "తాతా, ఈ ఉక్కు మనూరిదేనా?"

చువ్వ ఎక్కడ తయారయిందో నాకేం తెలుసు? కాని వాడి ప్రశ్న వట్టిది కాదు. గరివిడి దగ్గరి కోడూరులో 1892 ప్రాంతంలో మాంగనీసు ఖనిజం తవ్వటం మొదలుపెట్టారు. మన దేశంలో మాంగనీసు గనుల పనికి అదే ఆరంభం. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి ఒక రకం రాతికి ఆ ఊరి పేరు మీదనే 'కోడురైట్' అని పేరుపెట్టాడు. 1950ల్లో గరివిడి శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలిసింది. చూడటానికి నల్లని రాయి, ముట్టుకుంటే చేతులు మసి. కాని అది లేనిదే మంచి ఉక్కు లేదు. ఇనుములో గంధకం ఉంటే ఎర్రగా కాల్చి సాగదీసేటప్పుడు బీటలు వారుతుంది. మాంగనీసు ఆ గంధకాన్ని తనతో కలుపుకుని ఆ బెడద తప్పిస్తుంది. 1856లో బెస్సెమర్ ఉక్కు చేసే కొత్త పద్ధతి కనిపెట్టినా, మషెట్ అనే ఆయన మాంగనీసు కలిపి చూపించేదాకా అది సరిగా కుదరలేదు. మా చువ్వలోనూ మాంగనీసు కొంచెం ఉండి తీరుతుంది.

"మరి శ్రీహరికోటలో చువ్వ ఎంత లావుంటుంది?" అని మళ్ళీ ప్రశ్న!

మన దేశంలో అంతరిక్ష పరిశోధనకు మొదటి రాకెట్టు 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి లేచింది. శ్రీహరికోట నుంచి మొదటిది 1971 అక్టోబరు 9న లేచింది, రోహిణి-125 అనేది. అటువంటి చిన్న రాకెట్లను పట్టాలాంటి దూలం మీదనుంచి వదులుతారు. గాలి ఎటు వీస్తున్నదో చూసి, దానికి తగ్గట్టు దూలాన్ని వంచుతారు కూడా. పి.ఎస్.ఎల్.వి. వంటి పెద్ద రాకెట్లకు మాత్రం దూలం లేదు. అవి నిప్పు చిమ్మే దిక్కును మార్చుకుంటూ తమ దారి తామే సరిచేసుకుంటాయి.

చువ్వను గరుకు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి పూసి, బరువైన చెక్కపీటలో నిలువునా బిగించాము. పాత స్కెచ్ పెన్ను గొట్టాన్ని రెండు ముక్కలు చేసి, సీసాకు ఒకే వరసలో అతికించాము. వరస తప్పితే చువ్వ మీద బిగుసుకుపోతుంది సుమా!

ఇంతలో మనవడు గొట్టం సరిగా ఉన్నదో లేదో చూడటానికి చటుక్కున వంగాడు. చువ్వ కొసకూ వాడి కంటికీ మధ్య బెత్తెడు దూరం లేదు! నేను వాడి భుజం పట్టి వెనక్కు లాగాను. రాకెట్టుతో ఆడేవాళ్ళకు సామాన్యంగా ప్రమాదం రాకెట్టు వల్లనే అనుకుంటారు. నిలువునా నిలబడ్డ సన్నని చువ్వ కొస అంతకన్న మోసకారి, ఎదుటినుంచి చూస్తే అది కనపడనే కనపడదు. అమ్మాయి వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చి చువ్వ కొసకు గుచ్చింది. పచ్చని కాయ ఎవరికైనా కనపడుతుంది, గుచ్చుకోదు. చిట్టచివర, గాలి కొట్టబోయేముందు తియ్యాలని నియమం పెట్టుకున్నాము.

మర్నాడు సాయంత్రం కోత అయిపోయిన వరిమడికి వెళ్ళాము. పొరుగు పిల్లలు పదిమంది వచ్చారు. అందరినీ ఇరవై అడుగుల అవతల గట్టు మీద నిలబెట్టాను. చువ్వను మనుషులు లేని వైపుకు పిసరంత వంచాను. పంపుకు పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, కళ్ళద్దాలు పెట్టుకుని మనవడు దూరంనుంచి గాలి కొట్టాడు. పన్నెండు, పదమూడు, పధ్నాలుగు... బుస్సుమన్నది! సీసా చువ్వ వెంట సర్రున జారి, తిన్నగా లేచి, తాటిచెట్టు తలను దాటింది.

పిల్లలు కేకలు పెట్టారు. నేను మాత్రం చువ్వ వైపు చూశాను. కొసన నిమ్మకాయ లేదు. తియ్యటం మరిచిపోయాము! సీసా దాన్ని కూడా ఎత్తుకుపోయింది. సీసా మడి మధ్యనే దొరికింది. నిమ్మకాయ కోసం పదిమంది పిల్లలూ చీకటిపడేదాకా వెతుకుతూనే ఉన్నారు.