పసుపు పువ్వు కోసం

జెముడు మొక్క ఇంట్లో పెట్టుకోకూడదని మా అమ్మ అనేది. ముళ్ళున్నది గడప దాటి వస్తే తగాదాలు కూడా దానివెంటే వస్తాయట. ఆవిడ పెరట్లోనే, తులసికోట పక్కన, రాత్రిపూట మాత్రమే పూసే బ్రహ్మకమలం కుండీ వుండేది. పూసిన రాత్రి వీధి వీధంతా వచ్చి దణ్ణం పెట్టుకు వెళ్ళేవారు. అదీ జెముడు జాతిదేననీ, మెక్సికో వైపు అడవుల్లోంచి వచ్చిందనీ, అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే వేరే మొక్క అనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆవిడకు చెప్పలేదు. చెప్పివుంటే ఆ కుండీ గతి యేమయ్యేదో!

ఇంత ఉపోద్ఘాతం యెందుకంటే, 2016లో రిటైరైన నాటినుంచి నేను పెంచుతున్నదీ అలాంటి ముళ్ళులేని జెముడునే. ఇంగ్లీషువాళ్ళు క్రిస్మస్ కాక్టస్ అంటారు. ఎడారి మొక్క కాదు. బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో రాష్ట్రపు కొండ అడవుల్లో, చెట్ల కొమ్మలమీదా, నాచు పట్టిన రాళ్ళమీదా, నీడలో, తేమలో బతుకుతుంది. మనం ఆకులనుకునేవి ఆకులు కావు, బద్దల్లాంటి కాడలు. బిళ్ళ చివర బిళ్ళ పుట్టి గొలుసులా వేలాడుతుంది. చివరి బిళ్ళ కొసన పువ్వు. పగటిపొద్దు 12 గంటలకు తగ్గి, రాత్రులు చల్లబడితేగాని మొగ్గ వెయ్యదు. అందుకే మనకు చలికాలంలో పూస్తుంది. భూమధ్యరేఖకు అవతలనున్న బ్రెజిల్ వాళ్ళకు మే నెలలో పూస్తుంది. వాళ్ళు దాన్ని మే పువ్వనే అంటారు.

మేముండేది బెంగుళూరు. మా చెల్లెలు రాజమండ్రిలో వుంటుంది. భర్త కాలం చేశాక వచ్చే పింఛను ఇంటి ఖర్చుకు సరిపోతే పిల్ల చదువుకు సరిపోదు. పెరట్లో పచ్చ నీడవల కట్టి, కుండీ మొక్కలు అమ్మడం మొదలుపెట్టింది. పక్కనే కడియం. అక్కడ కూర్చుని మొక్కలమ్మడమంటే కొబ్బరితోటలో కూర్చుని కొబ్బరికాయలు అమ్మడమే. "అన్నయ్యా, ఎవరిదగ్గరా లేనిది ఒక్కటి నాదగ్గర వుంటే చాలు. సంక్రాంతికి పూసేది. పసుపురంగుది. మే నెలలో చావనిది," అంది. అడగడం తేలికే గదా!

ఈ మొక్కలో పసుపురంగు ఎక్కడనుంచో వూడిపడలేదు. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో విలియం బక్లీ అనే ఆయన రెండు బ్రెజిల్ జాతుల్ని కలిపిన నాటినుంచి ఎరుపులూ, గులాబీలూ ఎన్నో వచ్చాయిగాని పసుపు రాలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఫ్లోరిడా నర్సరీవాళ్ళు ‘గోల్డ్ చార్మ్’ అనే మొదటి పసుపు రకాన్ని తీశారు. తీరా చూస్తే అది గింజ కట్టని గొడ్డు మొక్క. తరవాత గింజ కట్టేవీ వచ్చాయి.

నేను ఒక లేత పసుపు కుండీ, ఒక నారింజ కుండీ సంపాదించాను. ఈ మొక్కకు గోత్రాల పట్టింపు మనకంటే జాస్తి. తన పుప్పొడి తనకు పనికిరాదు. తన బిళ్ళ విరిచి పక్కింట్లో నాటితే ఆ మొక్కదీ పనికిరాదు, ఎందుకంటే అదీ తనే. పరాయి రకం కావాలి. అడవిలో ఆ సంబంధాలు కుదిర్చేది తేనెపిట్ట. మా మేడమీద నేను. 2017 డిసెంబరులో నారింజ పువ్వు పుప్పొడిని బొట్టుపుల్లతో తీసి పసుపు పువ్వు కీలాగ్రానికి రాసి, కాడకు ఎర్రదారం కట్టాను. కాయ బొంగరంలా తేలింది. పండడానికి ఏడాది పట్టింది! మనుషులే నయం.

2019 జనవరిలో గింజలు, ఆవగింజలకంటే చిన్నవి, తడి కొబ్బరిపొట్టుమీద చల్లి, మిఠాయి డబ్బాలో మూతపెట్టాను. 163 మొలిచాయి. కుండీలకు మారేసరికి మేడ నిండింది. "ఏమండీ, బట్టలు ఆరేసుకోవడానికి చోటేదండీ?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

2021 డిసెంబరులో మొదటి పువ్వు. ఎరుపు. తరవాతది ఎరుపు. ఆ తరవాత నారింజ. 2022 చలికాలం అయ్యేసరికి పసుపు ఛాయ వున్నవి 9 తేలాయి. తొమ్మిదింటికీ అంచుల్లో గులాబి మరక. మొగ్గ పెరిగేటప్పుడు చలి 14 డిగ్రీలకు దిగితే పసుపు పువ్వులోకి గులాబి వస్తుంది. బెంగుళూరు డిసెంబరు రాత్రులు కొన్ని అంతకీ దిగుతాయి. మరి రాజమండ్రిలో?

మిగిలిన 154 మొక్కల్నీ తీసెయ్యాలి. కాక్టస్ పెంచేవాడికి నీళ్ళు పొయ్యడం కష్టం కాదు, ఇదీ కష్టం. "రంగు చూసి బిడ్డల్ని పారేస్తారా ఎవరైనా?" అని మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. పాలవాడికి, వాచ్‌మనుకు, పనిమనిషికి, ఆఖరికి కొరియరు కుర్రాడికి కూడా పంచింది.

2023 ఫిబ్రవరిలో ఆ తొమ్మిది రకాలవీ పదేసి కొమ్మలు కోసి, గాయం ఆరనిచ్చి, కాగితాల్లో చుట్టి రాజమండ్రి తీసుకువెళ్ళాను. మే నెల వచ్చింది. మా చెల్లెలు వాటిని మామిడిచెట్టు కింద, నీడవల అడుగున, మట్టికుండీల్లో పెట్టింది. ఎండకంటే తడి ప్రమాదం. వేడిలో వేరు తడిస్తే రాత్రికి రాత్రే కుళ్ళుతుంది. సాయంత్రం కుండీని వేలితో తట్టి, డొల్లగా మోగితేనే నీళ్ళు. వానలు పడేసరికి 90లో 31 మిగిలాయి. అందులో ఏడో నెంబరువి 8.

2024 జనవరిలో, భోగికి మూడు రోజుల ముందు, ఫోను చేసింది. "అన్నయ్యా, ఏడో నెంబరు పూసింది. నిమ్మపండే. మరక లేదు." ఆ మాట నేను మళ్ళీ చెప్పించుకున్నాను.

కడియంనుంచి ఒక నర్సరీ ఆసామి వచ్చి కుండీ చేత్తో తిప్పి చూశాడు. "ఆయ్, రంగు బాగుందండి. మరండీ, బిళ్ళ బిళ్ళకీ విరిగిపోతందండి. లారీ ఎక్కి హైదరాబాదు వెళ్ళేసరికి కుండీలో మొదలే మిగుల్తదండి," అన్నాడు. నిజమే, కీలు బలహీనం. అయినా మొత్తం మొక్కలకు 40,000 ఇస్తాననీ, ఇక మా చెల్లెలు ఆ రకం పెంచకూడదనీ అన్నాడు. అప్పటికి పిల్ల కాలేజీ ఫీజు బాకీ వుంది.

కొత్త రకాలకు రక్షణగా మన దేశంలో 2001లో చేసిన చట్టం వుంది. ఇలాంటి మొక్కకు 15 ఏళ్ళ హక్కు. అయితే ఆ జాతి ప్రభుత్వం జాబితాకెక్కి వుండాలి. మిగతావాటితో తేడా, అన్ని మొక్కల్లో ఒకే తీరు, మారని నిలకడ అని మూడు పరీక్షలు నెగ్గాలి. ఈలోగా కొన్నవాడెవడైనా బిళ్ళ విరిచి నాటితే కొద్దివారాల్లో వేరు పోస్తుంది. కాబట్టి ఆ 40,000 తక్కువా ఎక్కువా అన్నది ఇద్దరం తేల్చుకోలేకపోయాం. మొక్క నీదే, నీ ఇష్టం అన్నాను. రాత్రంతా లెక్కలు వేసి, గాజులు తాకట్టుపెట్టి ఫీజు కట్టింది. మొక్కలు అమ్మలేదు.

ఆ ఎనిమిదింటినీ కోసి 100 పైచిలుకు కొమ్మలు నాటింది. 2025 సంక్రాంతికి పూసినవాటిలో 64 కుండీలు, 250 చొప్పున అమ్మింది. 16,000. గాజులు విడిపించింది. తల్లిమొక్కలు వుండనే వున్నాయి. నేను ఇక్కడ ఏడో నెంబరును గట్టి కీలున్న ఎర్రదానితో కలిపి దారం కట్టాను. అది పండి, మొలిచి, పూసేసరికి ఎన్నేళ్ళో మీరే లెక్కవేసుకోండి.

ఆ 64లో ఆరు కుండీలు నర్సరీ ఆసామే కొన్నాడు. అడిగిన ధర ఇచ్చాడు, పైసా బేరమాడలేదు. అందుకే మా చెల్లెలికి అనుమానంగా వుంది.