"చెంచోడివి, నీకు ఈత రాదా?"

కొంచెం పెద్ద పోస్టు. వీలున్నప్పుడు చదవండి.

ఏప్రిల్ చివర్లో మా సెమిస్టర్ పరీక్షలు అయిపోయినాయి. హాస్టల్ ఖాళీ చేసే ముందు ఒక రాత్రి బయట ఎక్కడన్నా ఉండి వద్దామని ఆరుగురం అనుకున్నాం. ఒకడు అరకు అన్నాడు, ఒకడు గండికోట అన్నాడు. అందరి జేబులు కలిపి లెక్కేస్తే మహానంది తేలింది. నంద్యాలలో బస్సెక్కితే గంట కూడా పట్టదు. మా క్లాస్‌మేటు మేనమామకు అక్కడికి దగ్గర్లోనే అరటితోట ఉంది, రాత్రికి అందులో టెంటు వేసుకోవచ్చన్నాడు. టెంటు మా రూమ్మేటు ఆన్‌లైన్లో కొన్నాడు. నలుగురు పడతారని దాని మీద రాసుంది. ఆ సంగతి తర్వాత చెప్తా.

మహానంది చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో ఇది ఒకటి, నల్లమల కొండ సరిగ్గా పాదం మోపిన చోట ఉంటుంది. గుళ్లో లింగం కింది నుంచే నీళ్లు ఊరుతాయంటారు. ఆ నీళ్లు లోపలి కోనేట్లోకి, అక్కడి నుంచి బయట ఉన్న రెండు కోనేర్లలోకి వస్తాయి. జనం మునిగేది, పిల్లలు ఈత కొట్టేది అక్కడ. లోతు 5 అడుగులు ఉంటుంది. రూపాయి బిళ్ల వేస్తే బొమ్మా బొరుసా అన్నది పైనుంచే చెప్పొచ్చు, అంత తేట. నీళ్లు ఒక పక్క నుంచి వస్తుంటాయి, ఇంకో పక్క నుంచి పోతుంటాయి, మట్టం మాత్రం అంతే ఉంటుంది. పోయిన నీళ్లు కాలవల్లో పడి అరటితోటలకు, వరిమళ్లకు పారతాయి.

ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా ఉంటాయని అందరూ మహిమ లాగా చెప్తారు. మా సార్ ఒకసారి క్లాసులో చెప్పినాడు, భూమి లోపలి నుంచి వచ్చే నీళ్ల వేడి ఏడాదంతా దాదాపు ఒకటే, మారేది బయట గాలి అని. ఇంకోటి కూడా చెప్పినాడు. కొండ మీద పడిన వాన రాళ్ల పగుళ్లలో దిగి దిగి, కింద దారి దొరికిన చోట ఊటై పైకి వస్తుందని. అప్పుడు నోట్సు రాసుకున్నానే గానీ దాని గురించి ఏమీ ఆలోచించలేదు.

మా గూడెం ఆ కొండ మీదనే. చెంచులం. గూడెంలో డిగ్రీ దాకా వచ్చింది నేనూ ఇంకో అక్క, ఇద్దరమే. మాకు ఒక బోరు ఉంది. మార్చి దాటితే పైపులో గాలి శబ్దం వస్తుంది, నీళ్లు రావు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే వాగులో చెలమ తీసుకోవాల్సిందే. ఇసక తోడి, బురదనీళ్లు రెండుసార్లు పారబోసి, మూడోసారి ఊరే దాకా కూర్చోవాలి. చిప్పతో బిందె నింపుకుంటాం. ఎండాకాలం ఒక్క బక్కెట్టు నీళ్లతో నేనూ చెల్లీ ఇద్దరం స్నానం చేసేవాళ్లం. కాళ్ల మీద పోసుకున్న నీళ్లు సొరచెట్టుకు పోయేటట్టు అమ్మ ఒక బండ వేసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కోనేట్లో అందరూ దబ్బున దూకినారు. నేను మెట్టు మీదనే మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడినా. మా క్లాస్‌మేటు నవ్వుతూ అన్నాడు, "ఏంరా, చెంచోడివి, నీకు ఈత రాదా? అడవిలో పుట్టి ఏం లాభం!"

వాడు మంచోడే. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. కానీ పక్కన ఫ్యామిలీలు ఉన్నారు, వాళ్లూ తిరిగి చూసినారు. కాలేజీలో కూడా ఇంతే. చెట్టెక్కు అంటారు, తేనె తెచ్చిపెట్టు అంటారు, బాణం వేస్తావా అంటారు. మా తాత వేసేవాడు, నేను ఆశ్రమ పాఠశాలలో పెరిగినా. ఈత నేర్చుకోవాలంటే ముందు నీళ్లు ఉండాలి కదా. ఈ మాట వాని మొహం మీద అనాలనిపించింది. అనలేదు. నవ్వేసినా.

అసలు ఆ మెట్ల మీద నేను నిలబడడం అది మొదటిసారి కాదు. నాకు ఆరేడేళ్లప్పుడు శివరాత్రికి అమ్మ చీపురుకట్టలు, కుంకుడుకాయలు అమ్మడానికి వస్తూ నన్ను తెచ్చింది. సరుకు అయిపోయినాక ఇదే కోనేటి దగ్గరికి వచ్చినాం. పిల్లలంతా ఎగురుతుంటే నేనూ దిగుతానని ఏడ్చినా. అమ్మ దిగనియ్యలేదు. దోసిట్లో నీళ్లు తాగించి, మొహం కడిగి, సీసా నింపుకుని తీసుకొచ్చేసింది. మాకు ఇంకో జత బట్టలు లేవు, తడిస్తే చలికి ఎట్లా పోవాలని దించలేదు, అని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉన్నా.

మాతో వచ్చిన సుగాలీ అన్న, మా హాస్టల్ సీనియరు, నా మొహం చూసి ఏమనుకున్నాడో, ఈదుకుంటూ నా దగ్గరికి వచ్చినాడు. "దిగు, నేనుండా" అన్నాడు. ఆయన కూడా తండా చెరువులో సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నాడంట. నా కడుపు కింద చెయ్యి పెట్టి, "కాళ్లు కొట్టు, మెడ బిగబట్టొద్దు" అంటాడు. నేను మెడే బిగబట్టేది. రెండుసార్లు ముక్కులోకి నీళ్లు పోయి మండింది. మూడోసారి వెల్లకిలా పడుకోమన్నాడు. చెవులు మునిగినాయి. అంతే, పైన గోల మొత్తం ఆగిపోయింది. సన్నగా గుయ్యిమని నీళ్ల శబ్దం ఒక్కటే. ఎదురుగా ఆకాశం, ఆకాశం అంచున కొండ. ఆయన చెయ్యి ఎప్పుడు తీసేసినాడో నాకు తెలీలేదు. తెలిసినాక మునిగినా, అది వేరే సంగతి.

కొండ వైపు చూస్తుంటే సార్ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ పైన పడిన వానే ఇది. పైన మేం ఇసక తోడుకుంటున్నాం. మాకు నిలవని నీళ్లు రాళ్లలో నుంచి దిగి ఇక్కడ 5 అడుగుల కోనేరు నింపి, తోటలు తడిపి ఇంకా పోతున్నాయి. ఎవరి మీదా కోపంతో అనడం లేదు, ఆ అరటి రైతు మాకు గెల కోసి ఇచ్చినాడు. కానీ నీళ్లలో ఉండగానే కళ్లు మండినాయి. ముక్కులోకి పోయిన నీళ్ల వల్లనే అని మావాళ్లకు చెప్పినా.

రాత్రి తోటలో, కాలవ గట్టు పక్కన టెంటు. నలుగురు పట్టే టెంటులో ఆరుగురం దూరేసరికి ఉడకబెట్టిన వేరుశనక్కాయల లాగా అయినాం. పది నిమిషాలకు అందరూ బయటికొచ్చి పట్ట మీద పడుకున్నారు. పులిహోర, అరటిపండ్లు తిన్నాం. ఒకడు బ్లూటూత్ స్పీకర్లో పాటలు పెట్టినాడు. కాసేపటికి ఆ ఎత్తు కట్ట వైపు నుంచి నాకు వాసన తగిలింది, ఆకులు నలిగే చప్పుడు కూడా. అడవి పందులు. స్పీకరు ఆపు అన్నా. నవ్వినారు. గట్టిగా అన్నాక ఆపినారు. పిల్లల్తో వస్తే అవి ఎదురు తిరుగుతాయి, లేసి పరిగెత్తొద్దు, టార్చి కూడా వెయ్యొద్దు అని చెప్పి అందర్నీ కూర్చోబెట్టినా. కాలవలో నీళ్లు తాగే చప్పుడు వినబడింది, తర్వాత అరటి దుంపలు పెళ్లగించే చప్పుడు. దూరంగా కాపలా తాత డబ్బా కొట్టేసరికి పోయినాయి.

మా జేజి ఒకటి చెప్పేది. పొద్దు గూకినాక ఊట దగ్గరికి పోగూడదు, అది జంతువుల వేళ అని. ఆ మాట వాళ్లకు చెప్పినా. ఎవరూ నవ్వలేదు. క్లాస్‌మేటు మాత్రం నా చెయ్యి పట్టుకునే పడుకున్నాడు, ఇక్కడ రాస్తున్నానని వానికి తెలీదు.

తెల్లారి ఇంకోసారి కోనేట్లో మునిగి, రెండు లీటర్ల సీసా నింపుకుని గూడేనికి పోయినా. అమ్మ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చోనుంది. సీసా ఇస్తే గ్లాసు వెతకలేదు, ఎత్తి తాగింది. "మహానందివి కదా" అంది. నీళ్లను రుచితో గుర్తుపడుతుంది ఆమె.

"ఆ పొద్దు నన్ను ఎందుకు దించలేదమ్మా, బట్టలు లేవనా?" అని అడిగినా.

"బట్టల్లేక కాదురా, నీకు జరం ఉన్నింది. ఒళ్లు కాలిపోతా ఉన్నింది. నీకు గెవనం లేదా?"

నాకు జ్వరం గుర్తే లేదు. ఆమె నన్ను బాధపెట్టకూడదని ఇప్పుడు అట్లా చెప్తోందో, నేనే ఇన్నేళ్లు తప్పుగా గుర్తుపెట్టుకున్నానో తెలీదు. మళ్లీ అడగలేదు. ఇంతలో ట్యాంకరు హారను వినబడింది, ఆమె లేచి పరిగెత్తింది.

చెల్లి తొమ్మిదో తరగతి. మిగిలిన నీళ్లు అదే తాగేసి, నన్ను ఎప్పుడు తీసుకుపోతావని మొదలుపెట్టింది. దసరా సెలవుల్లో తీసుకుపోతానని మాటిచ్చినా. అమ్మను కూడా దించాలని ఉంది, వస్తుందో రాదో. నంద్యాల, ఆత్మకూరు వైపు హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఎవరన్నా వస్తే కింద చెప్పండి, కలిసి పోదాం. ఆడపిల్లలకు ఈత నేర్పే అక్క ఎవరన్నా ఉంటే ఇంకా మంచిది. టెంటు మాత్రం తేవద్దు, రెండు పట్టలు చాలు.