ఎడిసన్ ఊళ్ళో దండెం లేదు

మా అమ్మాయి పురుటికని 2023 డిసెంబరులో అమెరికా వెళ్ళాను. న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ వాళ్ళ ఊరు. కారప్పొడి, శొంఠిపొడి, పాతచీరలు చింపి కుట్టిన పొత్తిగుడ్డలు పెట్టె నిండా సర్దుకున్నాను. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీద కరివేపాకు దగ్గర్నుంచీ పట్టుచీరల దాకా దొరుకుతాయని దిగాక గానీ తెలియలేదు!

ఆ ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు. థామస్ ఎడిసన్ 1876లో అక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టి, 1879లో కరెంటు బల్బు వెలిగించాడు. ఆయన గుర్తుగా కట్టిన స్తంభం నెత్తిన పెద్ద గాజుబల్బు ఉంటుంది. అల్లుడు కారు ఆపి మరీ చూపించాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే నా కళ్ళు దండెం కోసం వెతికాయి. పెరట్లో లేదు, బాల్కనీలోనూ లేదు. వాషింగ్ మెషీను పక్కన అంతే ఉన్న ఇంకో పెట్టె చూపించి, "ఇది డ్రయరమ్మా, గంటలో ఆరిపోతాయి" అంది అమ్మాయి. బట్టలారడానికి కూడా మిషనా, సోకు కాకపోతే! అనుకున్నాను.

మర్నాడే బాల్కనీలో తాడు కట్టి నాలుగు తువ్వాళ్ళు ఆరేశాను. సాయంత్రానికి అప్పడాల్లా బిగుసుకుపోయాయి. పైగా రెండ్రోజుల్లో కాలనీ సంఘం నుంచి చీటీ. బయట బట్టలు ఆరేయకూడదట, ఇళ్ళ అందం చెడుతుందట! అన్నిచోట్లా ఇలా లేదు లెండి. అలా కట్టడి చేయకూడదని ఫ్లోరిడాలో 1980లోనూ, వెర్మాంట్‌లో 2009లోనూ చట్టాలే వచ్చాయి.

జనవరిలో మనవరాలు పుట్టింది. బయట మంచు, లోపల పొద్దస్తమానం తడిసే గుడ్డలు. హీటరు దగ్గర కుర్చీల మీద ఆరేస్తే ఇల్లంతా చెమ్మ వాసన. ఓ రాత్రి రెండింటికి లేచి చూద్దును కదా, పచ్చి బాలింత డ్రయర్ ముందు నిలబడి పొత్తిగుడ్డలు తీస్తోంది.

"నన్ను లేపచ్చుగా తల్లీ" అన్నాను.

"నువ్వు నాలుగు నెలల్లో వెళ్ళిపోతావు కదమ్మా. తర్వాత నాకు సాయం ఇదేగా" అంది.

నాకింక మాట రాలేదు. మనకి పనిమనిషి, అత్తగారు, పక్కింటి పిన్నిగారు ఉంటారు. దానికెవరున్నారు? ఆ రోజు నుంచీ డ్రయర్‌ని వెక్కిరించడం మానేశాను.

అలాగని దానికి దాసోహం అననూ లేదు. తెలియక నా నేతచీర అందులో పడేస్తే జానెడు కుంచించుకుపోయింది. ప్రతిసారీ జల్లెడలో పిడికెడు నూగు చేరేది. అది మన బట్టల్లోంచి అరిగినదే! ఆ నూగు తీయకపోతే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. 2008-2010 నాటి అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఏడాదికి సుమారు 2,900 ఇళ్ళలో డ్రయర్ల వల్ల మంటలు లేచాయి. వాటిలో మూడోవంతుకు శుభ్రం చేయకపోవడమే కారణమట. ఇక కరెంటంటారా, హీటరుతో నడిచే పెద్ద డ్రయర్ సుమారు 5 కిలోవాట్లు లాగుతుంది. మన పాతరకం సీలింగు ఫ్యాన్లు 60కి పైగా ఒక్కసారి తిరిగినట్టే!

ఏప్రిల్లో ఎండ రాగానే అమ్మాయి చేత మడత స్టాండు కొనిపించి కిటికీ దగ్గర పెట్టాను. పెద్దవాళ్ళ బట్టలు దాని మీద, పాపాయివి డ్రయర్‌లో. అలా తల్లీకూతుళ్ళం రాజీపడ్డాం.

విజయవాడ తిరిగొచ్చాక మా ఎదురింటి కోడలు, "ఆంటీ, మేమూ డ్రయర్ కొనేదా?" అని అడిగింది. "మీకు డాబా ఉందా?" అన్నాను. ఉందంది. "అయితే దండెం కట్టుకో, మిగిలిన డబ్బుతో ఏ గాజులో చేయించుకో" అన్నాను.

వానాకాలం బెంగా? మెషీన్లో ఇంకోసారి పిండనివ్వండి. బట్టకీ బట్టకీ బెత్తెడు ఎడం ఉంచి ఫ్యాను కింద ఆరేయండి, కిటికీ ఓరగా తెరవండి. ఎండ తగలని ఫ్లాటు, ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళు, సాయానికెవరూ లేని బాలింత ఉంటే మాత్రం కొనుక్కోండి, తప్పులేదు. పక్కింట్లో ఉందని మాత్రం కొనకండి.

నిన్న ఫోన్లో మనవరాలి గౌను చూపించింది అమ్మాయి. వెనకాల కిటికీ దగ్గర స్టాండు మీద బట్టలు ఆరుతున్నాయి. ఏమీ అనలేదు గానీ, నా కడుపు నిండిపోయింది.