పంచె కట్టుకొని ఓడ విందుకు వెళ్ళవచ్చునా?

ఇందిరాపురానికి సముద్రం లేదు. ఉన్నదల్లా తూర్పున హిండన్ నది. అది కూడా వానకాలంలో తప్ప నది అనిపించుకోదు. ఢిల్లీ సరిహద్దు దాటగానే, ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ నగరంలో భాగంగా, ఆకాశాన్ని అంటుకొని నిలిచిన అపార్టుమెంట్ల పేట ఇది. వీధులకు, వాడలకు పెట్టిన పేర్లు చూస్తే ధర్మశాస్త్రం తిరగవేసినట్లుంటుంది: అహింసా ఖండ్, న్యాయ్ ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన్ ఖండ్, అభయ్ ఖండ్, శక్తి ఖండ్, వైభవ్ ఖండ్. న్యాయ్ ఖండ్‌లో కారు నిలుపుకొనే చోటు కోసం జరిగే తగవులు వేరే సంగతి.

విహారనౌక ఎక్కడానికి వెళ్ళవలసిన పెద్ద నౌకాశ్రయం ముంబయి. రోడ్డు మీద లెక్క వేస్తే దాదాపు 1400 కిలోమీటర్లు. అయినా డిసెంబరు సెలవులు దగ్గరపడితే ఈ మేడలలో ఓడ ప్రయాణం మాట వినిపించడం ఇప్పుడు వింత కాదు. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థవారి 'ఎంప్రెస్' నౌక ముంబయి నుండి విహారయాత్రలు ప్రారంభించిన తరువాత, సింగపూరుకో, మయామీకో వెళ్ళనక్కరలేకుండా విహారనౌక మనదేశపు రేవులోనే అందుబాటులో ఉన్నది. ఈ ఓడ కొత్తది కాదు. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అనే పేరుతో నీళ్ళలోకి దిగి, అమెరికా తీరాలలో చాలా ఏళ్ళు తిరిగి వచ్చినది. 2022 జూన్‌లో ఇది చెన్నయి నుండి విశాఖపట్టణానికి వచ్చినప్పుడు చూడడానికి జనం ఎగబడ్డారు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో, సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో, విహారనౌకల కోసమే కట్టిన టెర్మినల్ ప్రారంభమైంది.

టిక్కెట్టు కొన్న మరునాటి నుండి ఇల్లాలికి పట్టుకునే చింత ఒక్కటే. 'ఫార్మల్ నైట్' అని కాగితంలో ఉన్న ఆ సాయంకాలం ఏమి కట్టుకోవాలి?

ఇందిరాపురంలో నివసించే ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. కొడుకు రహదారికి అవతల నోయిడా సెక్టారు 62లో కంప్యూటరు ఉద్యోగి. కోడలు బడిలో ఉపాధ్యాయిని. ఇద్దరు పిల్లలు. భార్య పోయిన తరువాత కోనసీమ నుండి వచ్చి కొడుకు వద్ద ఉంటున్న డెబ్బయి ఏళ్ళ తండ్రి. ఆయన పుట్టి బుద్ధెరిగి పంచె తప్ప మరొకటి కట్టలేదు. గాజియాబాద్ చలిలో కూడా పంచె మీద స్వెట్టరు, దానిమీద శాలువ. "మామగారూ, ఆ ఒక్క రాత్రికి ప్యాంటు వేసుకోరాదా?" అని కోడలు మెల్లగా అడుగుతుంది. "మీరు నలుగురూ వెళ్ళి తినిరండమ్మా, నాకు గదిలోకి ఇంత పెరుగన్నం తెప్పిస్తే చాలు" అంటారాయన. ఆ మాటతో ఆ ఇంట ప్రయాణపు ఉత్సాహం సగం చల్లబడుతుంది. బట్టల ప్రశ్న చిన్నదే కాని, దానివల్ల ఒక మనిషి నాలుగు గోడల మధ్య ఒంటరిగా భోజనం చేయవలసి వస్తే అది చిన్నది కాదు.

అసలు ఈ నియమం ఎక్కడిది? ఇంగ్లండు నుండి ఇండియాకు ప్రయాణించే పి. అండ్ ఓ. కంపెనీ ఓడలలో మొదటి తరగతి దొరలు రాత్రి భోజనానికి తప్పనిసరిగా ముస్తాబయ్యేవారు. ఇంటివద్ద సాయంకాలం ఎలా ఉంటారో సముద్రం మీదా అలాగే ఉండాలన్నది వారి పట్టుదల. చల్లని గాలి యంత్రాలు లేని ఆ కాలంలో ఎర్రసముద్రం దాటేటప్పుడు ఆ పట్టుదల చెమటలో కరిగిపోయేది. అప్పుడు కోటు విడిచి, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నడుముకు పట్టుపట్టీతో భోజనానికి కూర్చోవచ్చునని ఒక రాజీ కుదిరింది. దానిని నేటికీ 'రెడ్ సీ రిగ్' అంటారు. ఎంత కఠినమైన మర్యాద అయినా ఎండ ముందు తలవంచక తప్పలేదన్నమాట. ఆడంబరానికి ఇంగ్లీషులో వాడే 'పోష్' అనే మాట కూడా ఈ ఓడలలో ఎండ తగలని గదుల టిక్కెట్ల నుండే పుట్టిందని ఒక కథ ఉన్నది. కథ బాగున్నది కాని, నిఘంటుకారులకు దానికి ఏ ఆధారమూ దొరకలేదు.

తెలుగువారి ఓడ జ్ఞాపకాలలో ఈ విందులకు చోటు లేదు. 1860లో మద్రాసు నుండి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరిన 'ట్రూరో' నౌకలో చెరకు తోటలలో పనికి వెళ్ళిన కూలీలు ఉన్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. తరువాత కాకినాడ నుండి, విశాఖ నుండి రంగం స్టీమర్లు ఎక్కినవారు డెక్కు మీదనే పడుకొని, డెక్కు మీదనే వండుకు తిన్నారు. ఏమి కట్టుకోవాలని వారిని ఎవరూ అడగలేదు. ఒంటిమీద ఉన్నదే వారి దుస్తు. ఆ తాతల మనుమలు ఇప్పుడు పైసలు పెట్టి ఓడ ఎక్కి, బో టై కట్టుకోవడం ఎలాగా అని అద్దం ముందు తంటాలు పడుతున్నారు.

ఈ తంటా గాంధీజీకి కూడా తప్పలేదు. 1888 సెప్టెంబరులో 'క్లైడ్' నౌకలో ఇంగ్లండు వెళుతూ ఆయన ఓడలో నల్ల సూటు వాడుకొని, స్నేహితులు కుట్టించి ఇచ్చిన తెల్ల ఫ్లానెల్ దుస్తులను ఒడ్డుకు దిగే రోజుకని దాచుకున్నారు. దిగి చూస్తే సెప్టెంబరు ఆఖరు. తెల్లబట్టలలో ఉన్నవాడు ఆయన ఒక్కడే. సామానంతా ముందే వేరే వారి చేతికి అప్పగించడంతో మార్చుకొనే వీలు కూడా లేకపోయింది. తన ఆత్మకథలో ఆయన ఈ అవస్థను దాచలేదు. అదే మనిషి 1931లో 'రాజపుటానా' నౌక ఎక్కినప్పుడు కొల్లాయితోనే ఎక్కారు, కొల్లాయితోనే లండనులో రాజప్రాసాదానికి వెళ్ళారు.

నేటి ఓడలలో కట్టుబాట్లు ఒక్క తీరుగా లేవు. క్యూనార్డ్ వంటి పాత సంస్థలు విందు రాత్రులలో డిన్నరు జాకెట్టునో, నల్లని సూటునో ఇప్పటికీ కోరుతున్నాయి. ముస్తాబు ఇష్టం లేనివారికి ఓడలోనే వేరే భోజనశాలలు చూపిస్తాయి. నార్వీజియన్ సంస్థ 2000 సంవత్సరంలో ఆ నిర్బంధాన్నే ఎత్తివేసి, ఎవరికి తోచినట్లు వారు రావచ్చునన్నది. చాలా సంస్థలు ఈ రెండింటికీ మధ్య ఉన్నాయి. వారం రోజుల యాత్రలో సాధారణంగా రెండు, మూడు నాలుగు రోజుల యాత్రలో ఒకటి విందు రాత్రి ఉంటుంది.

ఇక కోనసీమ తండ్రికి కావలసిన వాక్యం ఆ నియమావళిలోనే, చాలామంది చదవకుండా వదిలివేసే చోట ఉన్నది. క్యూనార్డ్, పి. అండ్ ఓ. సంస్థలు రెండూ డిన్నరు జాకెట్టు పక్కనే 'జాతీయ దుస్తులు' అని కూడా చేర్చాయి. స్కాట్లండు వాడు తన గళ్ళ కిల్టుతో వచ్చినట్లే ఆంధ్రుడు తన పంచెతో రావచ్చును. స్టాక్‌హోమ్‌లో నోబెల్ సభకు పురుషులు తెల్ల బో టైతో పొడవు తోక కోటు వేసుకోవాలని నియమం. అక్కడా జాతీయ దుస్తులకు మినహాయింపు ఉన్నది. 2019 డిసెంబరు 10న అభిజిత్ బెనర్జీ పంచె మీద బంద్‌గలా కోటుతో, ఆయన భార్య ఎస్తర్ డఫ్లో చీరతో ఆ బహుమతి అందుకున్నారు. 2023 మార్చిలో ఆస్కారు సభకు రాజమౌళి పంచెతో వెళ్ళారు. రామ్‌చరణ్, జూనియర్ ఎన్టీఆర్ నల్లని బంద్‌గలాలు ధరించారు. వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతిగా ఉన్న 2017-22 మధ్య పంచెకట్టును విడిచిపెట్టలేదు.

విడ్డూరమేమిటంటే, అడ్డంకి విదేశీ ఓడలో కంటె స్వదేశీ గుమ్మంలోనే ఎక్కువగా ఎదురైంది. 1988లో చెప్పులు లేకుండా వచ్చాడని చిత్రకారుడు ఎం. ఎఫ్. హుసేన్‌ను బొంబాయిలో ఒక క్లబ్బువారు లోపలికి రానీయలేదు. 2014 జూలైలో పంచె కట్టుకున్న హైకోర్టు న్యాయమూర్తిని చెన్నయిలో ఒక క్లబ్బు గుమ్మం వద్దనే ఆపివేసింది. ఆ గొడవ ఎంతవరకు పోయిందంటే, అదే ఏడాది తమిళనాడు శాసనసభ పంచెను అడ్డుకోవడం నేరమని చట్టం చేసింది. 2021 సెప్టెంబరులో ఇందిరాపురానికి గంట దూరంలో ఉన్న దక్షిణ ఢిల్లీలో, ఒక హోటలులో చీర 'స్మార్ట్ కాజువల్' కిందికి రాదని సిబ్బందిలో ఒకరు అన్న మాట దేశమంతటా దుమారం లేపింది. కాబట్టి ఓడ ఎక్కేముందు కంపెనీవారికి ఒక ఉత్తరం రాసి, పంచెకు అభ్యంతరం లేదని జవాబు తెప్పించుకొని, దానిని దగ్గర ఉంచుకోవడం మంచిది. గుమ్మం వద్ద నిలబడిన కుర్రవాడికి నియమావళి అంతా నోటికి వచ్చి ఉండాలని లేదు.

అనుమతి దొరికిన తరువాత మిగిలేది నేర్పు. ఇందిరాపురం వాసులు డిసెంబరు అనగానే గాజియాబాద్ తురాబ్‌నగర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో పెళ్ళిళ్ళ కోసం కొన్న మఖమలు లెహెంగాలు, ఉన్ని సూట్లు పెట్టెలో కుక్కుతారు. ముంబయిలో దిగేసరికి పగటి వేడిమి 30 డిగ్రీలు. ఆ మఖమలు ఒంటికి అతుక్కుపోతుంది. అయితే ఓడ భోజనశాలలో చల్లగాలి యంత్రాలు ఉత్తరాది జనవరిని తలపిస్తాయి. లోపల పలుచని బట్ట, పైన తీసివేయదగిన శాలువ, ఇదే సరియైన లెక్క. విమానంలో మనిషికి సాధారణంగా 15 కిలోలే ఉచితం కనుక, కంచి పట్టుచీరలు నాలుగు పెట్టేవారికి చెప్పులకు చోటు మిగలదు.

ఇక్కడ తెలుగు నేత ఎంత ఆదుకుంటుందో చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు. అంచు, కొంగు మాత్రమే పట్టు. చూపుకు నిండుగా, మోతకు తేలికగా ఉండే ఇటువంటి చీర ఓడ ప్రయాణానికి కొలిచి నేసినట్లుంటుంది. ఉప్పాడ జాందానీ మరింత పలుచన. పోచంపల్లి చిటికి చీర అయితే మడతలు నలిగినా ఆ అద్దకపు గీతలలో కలిసిపోతాయి. ఇది చిన్న లాభం కాదు. నిప్పు భయంతో చాలా ఓడలలో గదిలోకి ఇస్త్రీపెట్టెను రానీయరు. తెచ్చుకుంటే తనిఖీలో తీసి పక్కన పెడతారు. జరీకి ఉప్పుగాలి, తేమ పడవు; చీరను నూలు గుడ్డలో చుట్టి తెచ్చుకొని, విందు ముగియగానే ఆరవేసి మళ్ళీ చుట్టాలి. డెక్కు మీద గాలికి కొంగు నిలవదు కనుక పిన్నీసులు రెండు ఎక్కువే పెట్టుకోవాలి. ఎత్తు మడమల చెప్పులు ఓడ కొద్దిగా ఊగినా మోసం చేస్తాయి.

పంచెకూ ఇదే న్యాయం. లుంగీలా చుట్టిన అడ్డపంచె గాలికి ఎగిరి పరువు తీస్తుంది. గోచీ పోసి బిగించి కట్టిన పంచెకు తుపానైనా జంకనక్కరలేదు. దాని మీద మోకాళ్ళ పైవరకు వచ్చే బంద్‌గలా కోటు, కాళ్ళకు నల్లని తోలు చెప్పులు, భుజాన కండువ. గుడ్డ మాటకు వస్తే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు సాటి లేదు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, తరువాత సన్నని నూలు తీస్తారు. చేప ముందు చక్కబరచిన గుడ్డ సముద్రం మీదికి వెళ్ళడం సబబే.

ఒక్క జాగ్రత్త మిగిలింది. ప్రయాణం చివరి రాత్రి పెట్టెలన్నీ సర్ది, గదుల బయట ఉంచమంటారు. తెల్లవారేసరికి అవి రేవుకు చేరిపోతాయి. అందుకే ఆ రాత్రి విందు ఉండదు. ఉత్సాహంలో మరునాటి బట్టలు కూడా పెట్టెలో సర్దివేసి, ఉదయం పైజమాతో ఓడ దిగినవారి కథలు ప్రతి ఓడలోనూ ఉంటాయి. క్లైడ్ నౌకలో పద్దెనిమిదేళ్ళ మోహన్‌దాసుకు వచ్చిన చిక్కుకూ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇందిరాపురంలో ఆ ఇంటి హాలులో మంచం మీద పెట్టె తెరిచి ఉన్నది. అడుగున స్వెట్టర్లు, మధ్యన గద్వాల చీర, పిల్లల తెల్ల చొక్కాలు. అన్నింటి పైన, నలగకుండా, పొందూరు పంచెలచాపు. కంపెనీవారి జవాబును కొడుకు అచ్చుతీసి, నాలుగు మడతలు పెట్టి, తండ్రి బంద్‌గలా జేబులో ఉంచాడు. "పెరుగన్నం ఆ భోజనశాలలో కూడా దొరుకుతుందిట మామగారూ" అన్నది కోడలు. "అయితే ఊరగాయ సీసా ఒకటి పెట్టమ్మా" అన్నారాయన.