ఆదివారము వచ్చిన పరీక్ష



మన పల్లెలలో నర్సమ్మ అని పిలువబడు ఏ.ఎన్.ఎం. సహోదరి చంకన సంచితో ఇంటింటికి తిరుగుట మీరందరు చూచియున్నారు. ఆమెది శాశ్వతమైన ఉద్యోగమా, కాంట్రాక్టు పనియా అని విచారించినవారు మనలో బహు కొద్దిమంది. 2024వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీని తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డువారు ఇట్టి ఆరోగ్య సహాయకురాండ్ర ఉద్యోగములు 1,931టికి పరీక్ష జరిపిరి. ఆ దినము ఆదివారము. క్రిస్మస్ గడచి నాలుగు దినములైనది. మా సంఘములోని ఒక సహోదరి ఆ పరీక్షకు కూర్చుండెను. ఆమె చదువును నేను కొంత దగ్గరనుండి చూచితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఫలితము సంగతి వ్రాయను. అది ఆమె ఇంటి విషయము.

ఆమెకు నలుబది ఏండ్లకు కొంచెము తక్కువ. పదునాలుగేండ్లుగా కాంట్రాక్టు మీదనే పని. చేసిన సేవకు కొన్ని మార్కులు కలిపెదరు గాని, మిగిలినవి ఇరువదిరెండేండ్ల పిల్లలతో సమానముగా కూర్చుండి సంపాదింపవలసినవే. అందుచేత ఆరు వారములు సెలవు పెట్టి, ఇద్దరు పిల్లలను అత్తగారికి అప్పగించి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టలులో దిగెను.

నల్లగొండ వైపునుండి పోవు మనకు నగరమనగా మొదట ఎల్.బి.నగర్ కూడలియే. అక్కడ బస్సు దిగి మెట్రో రైలు ఎక్కినయెడల మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. 2018లో ఆ రైలు వచ్చిన తరువాత మావంటి వృద్ధాప్యము సమీపించినవారికి ప్రయాణము సులువైనది. అచ్చట ఏ సందులోనికి చూచినను కోచింగు బోర్డులే: గ్రూపులు, పోలీసు, బ్యాంకు, కంప్యూటరు. చైతన్యపురి గల్లీలలో ఒక్కొక్క గదికి నాలుగు మంచములు, మంచమునకొక పుస్తకముల దొంతర. అన్ని జిల్లాల బీద ఇండ్ల ఆశలు ఆ మంచములమీద పడుకొనియుండునని నాకు తోచెను.

ఆ దినములలో నా కంటి వైద్యము నిమిత్తము వారమునకొకసారి నగరమునకు పోవలసియుండెను. ఆమె పిల్లలు ఇచ్చిన పచ్చడి సీసా తీసికొనిపోయినప్పుడు, "అయ్యగారూ, కాసేపు ప్రశ్నలు అడుగుండ్రి" అని గైడు నా చేతికిచ్చెను. మగవారిని లోపలికి రానియ్యరు గనుక గుమ్మమునొద్ద చెప్పుల బల్ల ప్రక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసికొని కూర్చుంటిమి. గైడు ఇంగ్లీషు, అంచులనిండ ఆమె తెలుగు అక్షరములతో వ్రాసికొన్న అర్థములు.

నేనడిగిన మొదటి ప్రశ్న ఇది: త్రాగునీటిలో క్లోరిన్ కలిపిన గంట తరువాత ఎంత మిగిలియుండవలెను? నాలుగు జవాబులు చదివితిని. ఆమె ఊరకుండెను. "చేసుడు వస్తది అయ్యగారూ, చెప్పుడు రాదు" అనెను. అప్పుడు నేను గైడు మూసి, మన తండాలో వాంతులు విరేచనములు వచ్చిన సంవత్సరము బావికి నీవేమి చేసితివో చెప్పుమంటిని. ఇక ఆమె నోరు ఆగలేదు. బ్లీచింగు పొడిని బకెట్టులో ముద్దగా కలిపి నీళ్లు పోసి ఉంచుట, సున్నము అడుగున దిగువరకు కాచుకొనుట, పైతేటను మాత్రమే బావిలో పోయుట, గంటసేపు ఎవరిని చేదవేయనియ్యక గట్టుమీద కాపలా కూర్చుండుట, తరువాత గాజుగొట్టములో నీరు తీసి మందుచుక్కలు వేసి పసుపురంగును డబ్బాలోని రంగులతో పోల్చిచూచుట. అక్కడ ఆమె ఆగి, "ఆ రంగు పక్కన రాసి ఉండేది పాయింట్ ఐదు కదా" అనెను. లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. సరియైన జవాబు అదే. పదునాలుగేండ్లుగా అది ఆమె కంటిలో ఉన్నది. అంకెగా ఉన్నదని ఆమె ఎరుగదు.

అటుపిమ్మట మేము అట్లే సాగితిమి. టీకాలు 2 మొదలు 8 డిగ్రీల చలిలో ఉండవలెను, బి.సి.జి., తట్టు-రుబెల్లా టీకాలు కలిపిన తరువాత నాలుగు గంటలలోనే వాడవలెను. ఎందుకని అడిగితిని. కలిపిన మందు నిలువయున్నచో అందులో సూక్ష్మక్రిములు పెరిగి బిడ్డ ప్రాణమునకే ముప్పు తెచ్చునని తడబడక చెప్పెను. ఇట్టి చదువు ఉద్యోగము కొరకే అని ఎవరైన అనినయెడల నేనొప్పుకొనను.

గర్భిణీలకు 180 దినములు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రల ప్రశ్న వచ్చినప్పుడు, యెల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పితిని. ఆయన 1895లో భీమవరములో పుట్టిన తెలుగువాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఒక దొర ఆచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే పొందెను. అమెరికా వెళ్లి, 1940ల దశకములో లెడర్లె ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన బృందమును నడిపించినవాడు ఆయనే. బోదకాలునకు ఏటేట మన ఊళ్లలో మ్రింగించిన డి.ఇ.సి. మాత్రయు ఆయన బృందము పనియే. ఇదంతయు ఆమె మర్యాదకు వినెను. ఆయన మెట్రిక్యులేషను మూడవసారికి గాని నెగ్గలేదని చెప్పగానే మాత్రము, "మూడోసారికా!" అని తల ఎత్తెను. ఆ మాటను గైడు అట్టమీద వ్రాసికొనెను.

ప్రశ్నలకన్న ఆమెకు మౌసు భయమెక్కువ. పరీక్ష కంప్యూటరు మీద. హాస్టలులోని ఇంజనీరింగు చదువు చిన్నది రాత్రి భోజనమైన తరువాత తన లాప్‌టాప్ ఇచ్చి నేర్పెను. పైగా బస్సులో ఒకడు కలిసి, డబ్బు కట్టినచో పోస్టు ఇప్పించెదనని చెప్పెనట. అట్టివారికి మన పల్లెలలో గొఱ్ఱెలమ్మి ఇచ్చినవారున్నారు గనుక ఈ మాట వ్రాయుచున్నాను. ఆమె ఇయ్యలేదు.

ఊరిలో సంగతి వేరు. పండుగ పాటలకు పిల్లలను సిద్ధపరచునది ఆమెయే. ఆ యేడు 24వ తేదీ రాత్రి వచ్చి, 25 మధ్యాహ్నమే తిరిగి పోయెను. సంఘ కమిటీలో ఒక పెద్ద లేచి, ఆరాధన విడిచి ఆదివారము ఉద్యోగపు పరీక్షకు పోవుట తగునా అని అడిగెను. ఆయన ఊరకనే అడిగినవాడు కాడు. ఆయన తండ్రి ఆదివారము కళ్లము తొక్కింపనని పట్టుబట్టగా, ఆ రాత్రి వానకు వరి మొలకెత్తి ఆ యేడంతయు అంబలి త్రాగిన ఇల్లది. అట్టి మనుష్యునికి జవాబు చెప్పుట సులభము కాదు. విశ్రాంతిదినమున ప్రభువు ఊచచెయ్యి గలవానిని నిలువబెట్టిన సంగతి జ్ఞాపకము చేసితిని. కాన్పునొప్పులు వారము చూచి రావు గదా అంటిని. ఆయన, "అది కాన్పు అయ్యగారూ, ఇది జీతం" అనెను.

ఆ మాటలో కొంత నిజమున్నది. అయితే పదునాలుగేండ్లు జీతమునకు నిలుకడ లేక, పిల్లల ఫీజుకు అప్పుచేసి, అదే చేతితో మన పిల్లలకు టీకాలు వేసినదానికి ఆ జీతము అడుగుటకు ఒక్క ఆదివారము సెలవియ్యలేమా? తేదీ నిర్ణయించినవారు మనలను అడుగలేదు, ఆమెనును అడుగలేదు. ఈ మాట నేను కమిటీలో చెప్పితిని. పెద్దాయన మనస్సు మారలేదు, ఇప్పటికిని మారలేదు. కాని ఆ ఆరు వారములు ఆమె పిల్లలకు ప్రతి సాయంకాలము పాలచెంబు పంపినది ఆయన ఇంటినుండియే.

జనవరి 4, శనివారము, టీకాల దినము. అంగన్‌వాడీ ఎదుట ఆమె ఐసు పెట్టెతో కూర్చుండియుండగా, ఎట్లు వ్రాసితివమ్మా అని అడిగితిని. "ఎన్ని ఒప్పో తెల్వదు అయ్యగారూ. మౌసు మాత్రం మాట విన్నది" అని నవ్వెను. అంతలో తొమ్మిది నెలల బిడ్డతో ఒక తల్లి వచ్చెను. ఆమె కొత్త సీసా తీసి, మందు కలిపి, గడియారము చూచి, సీసామీద గంట వ్రాసెను.